చెఱువులు, వానిని గాచినవారు

చరిత్రపుస్తకములలో రాజుల యుద్ధములు, పట్టాభిషేకములు, దేవాలయప్రతిష్ఠలు నిండుగా నుండును. ఆ రాజుల కాలమునఁ బ్రజలు తిన్న యన్నము ఏ నీటఁ బండినదను ప్రశ్నకు మాత్రము అందుఁ జోటు తక్కువ. ముప్పదియేండ్లకుఁ బైఁగా బడిపిల్లలకుఁ దెలుఁగు చెప్పితిని. పరీక్షాపత్రములో ఆ ప్రశ్న వచ్చుట నేను చూడలేదు. ఆ కొఱత నేఁటి ప్రసంగముతోఁ దీఱునది కాదు. అయినను ఊరిచెఱువును గూర్చి శ్రోతలతోఁ గొంతసేపు ముచ్చటింపఁ గోరుచున్నాను.

చెఱువనఁగా గోదావరీ కృష్ణలమీఁది యానకట్టలవంటి మహానిర్మాణము కాదు. ఒక యూరికో, రెండు మూఁడూళ్లకో, కొన్ని పదుల యెకరములు మొదలు కొన్ని వందల యెకరముల వఱకు మాఁగాణికి నీరిచ్చునది. నేఁటి ప్రభుత్వపు లెక్కలలో 2,000 హెక్టారులకు మించని యాయకట్టు గలవానినన్నిటిని చిన్ననీటి వనరు లందురు. రెండెకరముల రైతునకు అది చిన్నది కాదు. వానికి గోదావరి యెంత దూరమో చెఱువుకట్ట యంత దగ్గఱ.

రాయలసీమ, తెలంగాణముల నేలతీరును ముందుగా గమనింపవలెను. అనంతపురము ప్రాంతమున ఏఁటికి సగటున సుమారు 550 మిల్లీమీటరుల వాన కురియును. అదియైనను నెలకింత యని పద్దు వేసినట్లు కురియునది కాదు. కొన్ని పెద్దవానలలోనే ముఖ్యభాగము వచ్చి వాఁగులవెంటఁ బోవును. నేల యడుగునఁ గఠినశిల యుండుటచే నీరు లోనికింకుట తక్కువ. ఇట్టి చోట వరి పండింపఁ గోరినవానికి ఉపాయ మొక్కటే: వాలునకు అడ్డముగా మట్టికట్ట వేసి, పోవు నీటిని నిలుపుట. నిలిచిన నీటిని పొలములకు విడుచుటకుఁ దూము, మిగిలిన నీటిని కట్టకు హాని లేకుండ వెలుపలికిఁ బంపుటకు అలుగు. ఆ యలుగునే మా వైపున మరవ యందురు. ఎగువచెఱువు అలుగు పాఱి దిగువచెఱువు నిండును; అది నిండి దాని దిగువది. వీనికి గొలుసుకట్టు చెఱువులని పేరు. ఈ యేర్పాటున వాననీరు వృథాపోవుట తక్కువ. కాని పైకట్ట తెగినచో ఆ వఱద క్రిందికట్టలను వరుసగాఁ దెంచుకొని పోవును. కావున గొలుసులోని ప్రతి యూరివారును తమ కట్టను మాత్రమే కాక పైయూరి కట్టను గూడ నొక కంటఁ గనిపెట్టియుండవలసివచ్చెను.

తటాకమును మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా లెక్కించిరి. కొడుకు, కావ్యము, గుడి, వనము, నిధి, అగ్రహారము, వీనితోపాటు చెఱువు. పుణ్యము మాట యటుండఁగా, రాజులకు దీనిలో బొక్కసపు లాభమును గలదు. మెట్టకంటె మాఁగాణి శిస్తు ఎక్కువ. ఈ రెండు కారణములును గలిసినవి గనుకనే యిన్ని చెఱువులు వెలసినవని నా తలంపు. పుణ్యమొక్కటియే చాలియుండినచో అందఱును గుడులే కట్టియుందురు.

కాకతీయులకాలమున వెలసిన పాకాల, రామప్పచెఱువులను ఎఱుఁగనివారుండరు. గణపతిదేవుని తోఁబుట్టువు మైలాంబ బయ్యారమునఁ జెఱువు కట్టించి శాసనము వేయించెను. కాకతీయవంశపు తొలిపురుషుల వరుసను చరిత్రకారులు నిర్ణయించుటకు ముఖ్యాధారమైన శాసనములలో నదియొకటి. విజయములను జాటుటకు వేసిన ఱాళ్లు చెప్పని సంగతి చెఱువుఱాయి చెప్పెను. గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ నిలిచిన కంభముచెఱువును శ్రీకృష్ణదేవరాయల దేవి వరదరాజమ్మ కట్టించెనని ఆ ప్రాంతమునఁ బ్రతీతి.

ఇఁక నా కభిమానపాత్రమైన శాసనమును గూర్చి చెప్పెదను. కడపజిల్లాలో బద్వేలు ప్రాంతమున పోరుమామిళ్ల యను నూరు కలదు. అచ్చటి చెఱువును శాలివాహనశకము 1291లో, అనఁగా క్రీస్తుశకము 1369లో, మొదటి బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు కట్టించెను. ఆతఁడు ఉదయగిరినుండి తూర్పుసీమను బాలించుచుండెను. భవదూరుఁడని యాతనికి మఱియొక పేరు. భైరవాలయము ఎదుట రెండు ఱాతిపలకలమీఁద సంస్కృతమున నున్న యీ శాసనమును విష్ణు సుక్తంకరుగారు పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా యందుఁ బ్రకటించిరి. తరువాతికాలమున పూనాలో మహాభారతమునకు సంశోధితప్రతిని సిద్ధపఱచిన సంపాదకు లాయనయే. చేయి తిరిగిన పండితుని చేతఁ బడినది గనుక ఆ శాసనము మన యదృష్టమునఁ జక్కఁగా దక్కినది.

దానమునకు ఫలము చెప్పు శ్లోకములు ఏ శాసనమునందైన నుండును. ఈ శాసనమునందలి విశేషము వేఱు. మంచి చెఱువునకుఁ గావలసిన సాధనములు పండ్రెండు, చెఱువునకుఁ గలుగు దోషములు ఆఱు అని ఇందుఁ జెప్పఁబడినది. అన్నిటిని వరుసగా నప్పగించి విసుగు పుట్టింపను. మొదటి సాధనము రాజు. ఆతఁడు ధర్మపరుఁడును ధనవంతుఁడును గావలెను. అంతే కాదు, కీర్తికాముఁడును గావలెను. ఈ మూఁడవ మాటను దాఁచక వ్రాసిన కవిని నేను మెచ్చుకొందును. రెండవది పాథశ్శాస్త్ర మెఱిఁగిన బ్రాహ్మణుఁడు. పాథస్సనఁగా నీరు. మా విద్యార్థులు దీనిని తఱుచుగా ‘పాఠశాస్త్రము’ అని చదివి, బడిపంతులునకుఁ జెఱువుతోఁ బనియేమని యడిగెడివారు. నీటిశాస్త్రమని యొకటి యుండెననియు, అది చదివినవాఁడు లేక చెఱువు కట్టరాదనియు నాఁడే యనుకొనిరన్నమాట.

తక్కినవానిలోఁ గొన్ని: గట్టి బంకమన్ను గల నేల, మూఁడు యోజనముల దూరమునుండి మంచినీరు తెచ్చు నది, చెఱువునంటి యుండు కొండ, ఆ కొండభాగముల నడుమ మిక్కిలి పొడవు గాని ఱాతికట్ట, విశాలమై లోఁతైన గర్భము, పొడవుగాఁ, దిన్నఁగా ఱాళ్లు వచ్చు గని చేరువ నుండుట, దిగువను సమమై సారము గల పొలములు, తుదకు పని తెలిసిన పనివారి గుంపు. నేఁటి యింజనీరు ఒక క్రొత్త చెఱువునకు స్థలము చూడఁబోయినచో ఆయన కాగితముమీఁద వ్రాసికొను ప్రశ్నలును ఇంచుమించుగా నివియే. పునాది యెట్టిది? నీరెచటినుండి వచ్చును? ఱాయి యెంత దూరము? క్రింద భూమి యున్నదా?

దోషముల పట్టిక మఱింత నిశితమైనది. కట్టనుండి నీరు కాఱుట యొకటి. చవుటినేల రెండవది. చెఱువు నడుమ తాఁబేటివీఁపువలె మిట్ట యుండుట ఇంకొకటి. దానికిఁ గూర్మమనియే పేరు పెట్టిరి. నీరు తక్కువయై భూమి యెక్కువ యగుట ఒక దోషము. నీరెక్కువయై భూమి తక్కువ యగుట మఱియొక దోషము. ఈ కడపటి రెండును జూడుఁడు. పదునాలుగవ శతాబ్దివారు నీటి రాకను ఆయకట్టుతో సరిచూచు లెక్క నెఱిఁగియుండిరి. ఆ లెక్క తప్పి, పాఱని భూమినిఁ గూడ ఆయకట్టులోఁ జేర్చి, ఆపై కాలువ చివరి రైతునకు శిస్తు నోటీసు పంపిన యుదంతములు తరువాతి కాలమున నెన్నియో కలవు.

ఇఁక మిగిలినది, శాసనక్రమమున మూఁడవదియైన దోషము: రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. ఇది మట్టికిఁ, గొండకు సంబంధించినది కాదు, మనుష్యులది. 1892లో మద్రాసు ప్రభుత్వమునకును మైసూరు సంస్థానమునకును ఒక యొడంబడిక జరిగెను. ఎగువ నున్న మైసూరువారు కొన్ని నదులమీఁద క్రొత్త జలాశయములు కట్టుటకు ముందు దిగువ నున్న మద్రాసువారి సమ్మతి పొందవలెనని దాని సారము. పెన్న, చిత్రావతి, పాపఘ్ని ఆ పట్టికలోనివి. నూఱేండ్లు దాఁటిన తరువాత 2003 ప్రాంతమున, చిత్రావతికి అడ్డముగాఁ బరగోడు కడఁ గర్ణాటకమువారు కట్టడము మొదలిడఁగా, దిగువ నున్న బుక్కపట్నము, ధర్మవరము చెఱువులక్రింది రైతులు తమకు నీరు రాదని కలఁతపడిరి. వివాదము సుప్రీముకోర్టు దాఁక నెక్కెను. భాస్కరుని శాసనమును ఆ వ్యాజ్యెములో నెవరైన దాఖలు చేసిరో లేదో గాని, చేసియుండిన నప్రస్తుతము కాకపోయెడిది.

పోరుమామిళ్ల చెఱువుపనికి దినమును వేయిమంది కూలీలు పనిచేసిరని శాసనము చెప్పుచున్నది. ఱాతిపనికి నూఱు బండ్లు. రెండేండ్లు పట్టినది. ఖర్చైన ధనధాన్యములకు లెక్క లేదఁట. రాజకుమారుని పేరున్నది, ఆతని తండ్రి పేరు, పెదతండ్రుల పేళ్లు నున్నవి. ఆ వేయిమందిలో నొక్కని పేరును లేదు. అది యన్ని శాసనములందు నున్న యాచారమే గనుక దానికై నేను వాదులాడను. నన్ను నిలిపి యాలోచింపఁజేసినది మఱియొకటి. ఆ పండ్రెండు సాధనములలోఁ గాని, ఆఱు దోషములలోఁ గాని, కట్టిన తరువాతఁ జెఱువును గాచువాని ప్రసక్తి లేదు.

మట్టికట్టను గట్టుట రెండేండ్ల పని. కాచుట యాఱువందలేండ్ల పని. ఏఁటేఁట ఒండుమట్టి వచ్చి గర్భమునఁ బూడును. ఎలుకలు బొఱియలు పెట్టును, పీతలు తొలుచును. కట్టమీఁద మొలచిన మ్రాను ఎండి చచ్చినచో దాని వేరు కుళ్లి నీటికి దారి యగును. తూము బిరడా సడలును. వీనిలో నేదియు నొక్కనాఁడు చెఱువును జంపదు; పట్టించుకొనకున్న నన్నియుఁ గలిసి ఒక తుపానురాత్రి చంపును. ఇట్లు జరుగకుండ నూళ్లవారు చేసికొన్న యేర్పాటులే నా దృష్టిలో నిజమైన చరిత్రము.

అందు మొదటిది దశబంధము. చెఱువు కట్టినవానికిఁ గాని, తెగిన చెఱువును బాగుచేసినవానికిఁ గాని, దాని క్రింది భూమిలోనో ఆదాయములోనో పదియవ పాలు వంటి నిర్ణీతభాగమును మాన్యముగా నిచ్చి, కట్టను గాపాడు భారమును వాని వంశమున నుంచుట దీని పద్ధతి. రాయలసీమలోని విజయనగరకాలపు శాసనములలో ఈ దశబంధమాన్యములు తఱుచుగాఁ గనఁబడును. ప్రత్యేకముగా నొక మడి నిచ్చినచో ఖండ దశబంధము. శిస్తులో భాగమిచ్చినచో షామిలాతు దశబంధము. చూచితిరా? జీతము రొక్కముగా నిచ్చుట కాదు. చెఱువు నిండిన నేఁడు వాని మడియుఁ బండును, ఎండిన నేఁడు వాని మడియు నెండును. ఇంతకంటె మంచి తనిఖీదారుని నియమించుట యే ప్రభుత్వమునకు సాధ్యము?

రెండవ యేర్పాటు నీరుగంటి. తెలంగాణమున నీరటి యందురు. తూము తెఱచుట, మూయుట, కాలువలవెంటఁ దిరిగి మడిమడికి నీరు కట్టుట వాని పని. నా బాల్యమున మా యూర నీరుగంటి రాత్రి రెండుజాములవేళఁ బాఱ భుజాన వేసికొని పోవుచుండఁగా నేను చూచితిని. వాఁడు ముసలివాఁడు, కాలువలో పాదము పెట్టి, నీరు చీలమండ కెంత యెత్తున నున్నదో చూచి, పై మడవ నెంత మూయవలెనో చెప్పెడివాఁడు. కోఁతలైన తరువాత కళ్లములో ప్రతి రైతును వానికి మేర కొలిచెడివాఁడు. నీరుగంటులు తఱుచుగా ఊరి వెలుపలి వాడలవారు. ఆయకట్టులో వారికి సొంత సేద్యము లేకుండుటయో, స్వల్పముగా నుండుటయో వాడుక. అందువలననే వారి పంపకము నిష్పక్షపాతమని రైతులు నమ్మిరి. పెద్దరెడ్డి మడికైనను పేదకాఁపు మడికైనను వంతు వచ్చినపుడే నీరు. ఊరందఱి పైరునకును నీరు పంచు నట్టివానికి ఊరిబావిలోఁ జేద వేయుటకు మాత్రము హక్కు లేకుండెను. మన పూర్వుల యేర్పాటులను బొగడునపుడు ఈ మాటను మింగివేయుట చరిత్రము కాదు, భట్రాజుపని.

వాన చాలని యేఁట మఱియొక పద్ధతి యుండెను. చెఱువులో సగమే నీరున్నచో ఆయకట్టంతయు నాటి యెండఁబెట్టుకొనక, రైతులు కట్టమీఁదఁ గూడి, ఈ యేఁడు ఇంత భూమికే నీరని నిర్ణయించి, ఆ భూమిని భూస్వామ్యమునుబట్టి దామాషాగాఁ బంచుకొని సాగుచేసెడివారు. తన మడి బీడుగా నుండఁగా నొకని మడిలోఁ దన పైరు వేసికొనుటకు ఎంత యొద్దిక కావలెనో వ్యవసాయ మెఱిఁగినవారికిఁ జెప్పనక్కఱలేదు. తగవులు లేకపోలేదు. పాఱదెబ్బలును దగిలినవి. కాని తగవు తీర్చుకొను చోటు కట్టమీఁదనే యుండెను.

1800లో నైజాము ఈ సీమను ఇంగ్లీషువారి కిచ్చివేయఁగా, 1807 వఱకు థామస్ మన్రో ఇచట ప్రధాన కలెక్టరుగా నుండెను. చెఱువునకుఁ దగిన ప్రతి స్థలమును ఇచ్చటివా రిదివఱకే యుపయోగించుకొనిరనియు, క్రొత్తవానికిఁ జోటు మిగులుట యరుదనియు ఆతఁడు గమనించి వ్రాసెను. అట్టి దేశమును బాలించుట చేతఁబట్టినవారు చేయవలసిన పని, ఉన్నవానిని గాచుట. మాన్యములు వారసులలోఁ జీలినవి, అమ్ముడుపోయినవి. భూమి చేతులు మాఱినది కాని బాధ్యత దానివెంటఁ బోలేదు. కట్ట మరమ్మతు సర్కారుదని రైతులు, ఊరివారిదని సర్కారువారు ననుకొనసాగిరి. ఆచారముగాఁ జేయవలసిన కుడిమరామత్తు పనిని 1858లో నిర్బంధశ్రమ చట్టమున కెక్కించిరి. ఒకప్పుడు తప్పెట మ్రోఁగినంతనే పాఱలతో వచ్చినవారిని రప్పించుటకుఁ జట్టము కావలసివచ్చినదన్ననే పని చెడినట్లు. ఆ చట్టమువలన నొరిగినది స్వల్పము. 1883లో మద్రాసు ప్రభుత్వము చెఱువుల పునరుద్ధరణ పథకమును మొదలిడి, చెఱువులను బరీక్షించి, కొలతలు వ్రాసి, మరమ్మతులు చేయించెను. అది మంచి పనియే. ఐనను ఆ నాఁటి దొరల మనస్సు డెల్టాలమీఁద నుండెను. 1852 నాఁటికి ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైనది. గోదావరిజిల్లాలవారు కాటనుదొరకు విగ్రహములు నిలిపి నేఁటికిని బూలమాలలు వేయుదురు, వేయఁదగినవాఁడే. మా సీమలో నీరుగంటికి విగ్రహము నేనెచ్చటను జూడలేదు.

తరువాతి కథ మీ రెఱిఁగినదే. మోటలు, కపిలలు పోయి కరెంటు మోటారులు వచ్చినవి, బావులు పోయి బోరులు వచ్చినవి. 2004 మొదలు ఆంధ్రప్రదేశమున సేద్యపు మోటారులకుఁ గరెంటు ఉచితమైనది. మెట్టరైతునకు అది గొప్ప యూఱట. దానిని నేను కాదనను. కాని తన మోటారు తనకుఁ గలవాఁడు కట్టమీఁదికి రావలసిన పని లేకపోయెను. వేసవిలో పూడిక తీయుఁడన్నచో ‘నా కేమి?’ యనెను. చెఱువు నిండినంత కాలము దాని యూటతోనే దిగువ బావులును బోరులును నీరిచ్చినవని, చెఱువు పూడిన తరువాతఁగాని చాలమందికిఁ దెలియలేదు. వందల యడుగులు తొలిచి దుమ్ము వచ్చిన బోరు ప్రక్కన నిలిచిన రైతును జూచినవారు ఆ దృశ్యమును మఱవలేరు. ఆ దుమ్మునకుఁ జేసిన యప్పు అటులనే యుండును. నీరు లేని చెఱువు శిఖము భూములు ముందు పశువుల మేఁతకు, పిదప పైరులకు, పట్టణముల దాపున నిండ్లస్థలములకును బోయినవి.

ఇటీవల మరల దృష్టి యిటు మఱలినది. 1997లో ఆంధ్రప్రదేశమున రైతుల యాజమాన్య చట్టము వచ్చి నీటివినియోగదారుల సంఘము లేర్పడినవి. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర, 46,000లకు మించిన చిన్ననీటి వనరులను బాగుచేయ సంకల్పించి పూడిక తీయించెను. ఆ యొండుమట్టిని రైతులు ట్రాక్టరులతోఁ దమ చేలకుఁ దోలుకొనిరి. ఎరువులకొట్టు లేని కాలమున మా తాతలు ఎడ్లబండ్లతోఁ జేసిన పనియే యది. 2020లో పోరుమామిళ్ల, కంభము చెఱువులకు అంతర్జాతీయ నీటిపాఱుదల సంస్థ వారసత్వ కట్టడములుగా గుర్తింపు నిచ్చెను. అన్నియు సంతోషింపఁదగినవే.

మొన్నటి వేసవిలోఁ బూడిక తీసిన యొక చెఱువును జూడఁబోయితిని. కట్ట కొత్తమన్నుతో నున్నఁగా నున్నది. ఱాతిపరుపు సరిగా నున్నది. తూమునకు ఇనుపతలుపు, దాని త్రిప్పుడుకఱ్ఱకు గొలుసు, గొలుసునకుఁ దాళము. తాళపుచెవి యెవరియొద్ద నుండునని అడిగితిని. సంఘాధ్యక్షునియొద్ద నని యొకఁడు చెప్పెను. ఆయన పదవీకాలము తీఱినది, ఎన్నిక జరుగలేదు, లస్కరుయొద్ద నుండునని మఱియొకఁడు. లస్కరుకు పదియూళ్లఁట, ఈ యూరికి వచ్చి చాలకాలమైనదఁట. ఇంతలోఁ గట్టమీఁద మేఁకలను మేపుచున్న పెద్దాయన కఱ్ఱ నానుకొని నిలిచి, “ముందు నీళ్లు రానీ అయ్యవారూ, చెవి అప్పుడు వెతుకుదాం” అనెను.